బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ (సమీకరణాల గ్రాఫులు గీసి చూపే కాలిక్యులేటర్)తోపాటు ‘పవర్ కేబుల్’ కొనబోతున్నవారు దయచేసి ఇది చదవండి

ఇది నిన్న సాయంత్రం జరిగింది. కోపం ఇంకా చల్లారలేదు, కానీ ఈ వారంలో మన తెలుగువాళ్లు ఎవరైనా అదే దుకాణానికి వెళ్తారేమోనని వెంటనే రాస్తున్నాను. బెంగళూరులో వాడిన కాలిక్యులేటర్లు ఎక్కడ దొరుకుతాయో కొన్నవారందరికీ తెలుసు కాబట్టి దారి వివరించడం లేదు.

మా అమ్మాయి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) చదువుతోంది, ఆ గణితానికి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి. గత ఆదివారం వాడిన టీఐ-84 ప్లస్ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాలిక్యులేటర్) ఒకటి 6,500 రూపాయలకు బేరం చేశాను. దాని యూఎస్‌బీ పోర్టు నుంచే చిన్న ఎల్ఈడీ దీపాన్నీ బుల్లి ఫ్యానునూ నడిపి బడి ప్రదర్శనలో చూపాలని అమ్మాయి కోరిక. ఆ మాట వినగానే దుకాణదారు లోపలి నుంచి ఒక కేబుల్ తెచ్చి, “అన్నా, ఇది పెడితే దీపమే కాదు, ఫోను కూడా ఛార్జ్ అవుతుంది. మాదీ అనంతపురమే, మనవాళ్లను మోసం చేస్తానా?” అన్నాడు. గాజు బల్ల మీదే కాలిక్యులేటర్‌కు తగిలించి దీపం వెలిగించి చూపించాడు. అది తెల్లగా, నిలకడగా వెలిగింది. కేబుల్‌కు మరో 850 రూపాయలు ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత ఇంట్లో అదే దీపం పెడితే ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది, దానితోపాటు కాలిక్యులేటరూ ఆగిపోయింది. కొత్త బ్యాటరీలు వేసి ఆన్ చేస్తే మెమొరీ చెరిగిపోయిందన్న సందేశం కనిపించింది. అమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చుని ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోయాయి. వెనుక మూత విప్పితే నాలుగు ట్రిపుల్-ఏ బ్యాటరీల పక్కన, మెమొరీని కాపాడేందుకు ఉండవలసిన బటన్ సెల్ స్థానం ఖాళీగా ఉంది. అప్పుడే కేబుల్‌ను కూడా శ్రద్ధగా చూశాను. దానికి రెండు కాదు, మూడు కొనలున్నాయి. ఆదివారం ఆ మూడో కొన బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతూ ఉండడం నాకు స్పష్టంగా గుర్తుంది. దీపాన్ని వెలిగించింది కాలిక్యులేటర్ కాదు, బల్ల కింద ఉన్న పవర్ బ్యాంకో ఛార్జరో అయి ఉండాలి. ఆ కొన ఎక్కడికి పోతోందని ఒక్క మాట అడగకపోవడం నా తప్పే, అది ఒప్పుకుంటాను.

నిన్న ఆఫీసు అయ్యాక అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి అన్నీ బల్ల మీద పెట్టాను. మూడు రోజుల క్రితం నన్ను అన్నా అని పిలిచిన మనిషి ముఖమైనా చూడకుండా, “బిల్ ఎల్లిదె సార్?” (బిల్లు ఎక్కడుంది సార్?) అని కన్నడంలో అడిగాడు. బిల్లు అవసరం లేదని ఆదివారం చెప్పింది ఆయనే. నేను తెలుగులోనే మాట్లాడుతూ పోతే చివరకు తెలుగులోకి వచ్చి, “లెక్కలు చేసుకునే మిషన్‌తో దీపాలు వెలిగించమని నేను చెప్పానా? చదువుకున్నవాళ్లు, మీకే తెలియాలి” అన్నాడు. పక్కన అమ్మాయి నిలబడి వింటోంది. డబ్బు పోయినదానికంటే, తాను చెప్పిన మాటనే నా కూతురి ఎదుట నా మీదికి తిప్పడం నన్ను ఎక్కువ బాధించింది.

అసలు ఆ పోర్టు నుంచి విద్యుత్తు రాదని కాదు. అది ఆన్-ద-గో రకం మినీ యూఎస్‌బీ, సరైన ప్లగ్గు పెడితే కాలిక్యులేటరే కంప్యూటర్ స్థానం తీసుకుంటుంది. ఆ ప్లగ్గులో ఐడీ అనే పిన్ను గ్రౌండ్‌కు (సున్నా వోల్టుల తీగకు) కలిపి ఉంటుంది, ఆ గుర్తుతోనే తాను విద్యుత్తు ఇవ్వవలసిన వైపు ఉన్నానని యంత్రం తెలుసుకుంటుంది. కానీ మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల కరెంటు వరకు ఇవ్వవలసి ఉంటే, ఆన్-ద-గో పరికరం 8 మిల్లీఆంపియర్లు ఇచ్చినా నియమం ప్రకారం సరిపోతుంది. ఒక వాట్ దీపానికే 5 వోల్టుల వద్ద 200 మిల్లీఆంపియర్లు కావాలి. ఇక ఫోను ఛార్జింగ్ అన్నది ఆ చిన్న బ్యాటరీలతో పచ్చి అబద్ధం.

కొనేవారు చేయవలసింది కొంచెమే. కేబుల్ మొత్తాన్ని మీ చేతుల్లోకి తీసుకుని కొనలు లెక్కపెట్టండి, కాలిక్యులేటర్‌కు తప్ప ఇంకే ఆధారానికీ తగలకుండా దీపాన్ని ఐదు నిమిషాలు వెలిగించమని అడగండి, వెనుక మూత విప్పించి బటన్ సెల్ చూడండి, బిల్లు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. పిల్లల ప్రోగ్రాములను ఆర్కైవ్‌లోకి (కాలిక్యులేటర్‌లోని శాశ్వత మెమొరీలోకి) మార్చి ఉంచితే ర్యామ్ (తాత్కాలిక మెమొరీ) చెరిగినా అవి ఉంటాయి. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మా అమ్మాయి ఈ రాత్రి మళ్లీ మొదటి వరుస నుంచి టైపు చేస్తూ కూర్చునేది కాదు.