మా 1993 మారుతి 800 ఏసీ: ఆర్12 నుంచి ఆర్134ఏకి మార్చాక ఏడు వేసవులు

నాన్న 1993లో కొన్న మారుతి 800 ఇప్పటికీ గుంటూరులో నా చేతిలోనే ఉంది. మే నెల మధ్యాహ్నం అమ్మను హాస్పిటల్‌కి తీసుకెళ్లాలంటే ఏసీ ఉండాల్సిందే. అందుకే 2018లో దాన్ని ఆర్134ఏ గ్యాస్‌కి మార్పించాను.

కారు కొన్నప్పుడు ఏసీలో ఉన్నది ఆర్12 అనే పాత గ్యాస్. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. అలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించాలని 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశంలోనూ 2010 నాటికి దాని తయారీ ఆగిపోయింది.

మొదట ఒక షాపులో "గ్యాస్ మారిస్తే చాలు సార్" అన్నారు, నమ్మాను. లోపలి ఆయిల్ మార్చకుండా కొత్త గ్యాస్ కొట్టారు. కొన్నాళ్లు చల్లగానే ఉంది. రెండు నెలలకు కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) గరగరమని, ఆపైన పూర్తిగా పట్టేసింది. ఆర్12 బళ్లలో వాడే మినరల్ ఆయిల్ ఆర్134ఏలో కరగదు. గ్యాస్‌తో పాటు తిరిగి కంప్రెసర్‌కి చేరాల్సిన ఆయిల్ దారిలోనే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే కంప్రెసర్ దక్కేది. ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండో మెకానిక్ గొట్టాలన్నీ విప్పి లోపల కడిగి ఫ్లష్ చేశాడు. రీకండిషన్ చేసిన కంప్రెసర్, తేమను పీల్చే కొత్త డ్రయ్యర్, జాయింట్ల దగ్గర లీకేజీ ఆపే కొత్త ఓ-రింగులు, ఆర్134ఏతో కలిసే ఎస్టర్ ఆయిల్ వేశాడు. ఆర్134ఏకి హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు) ప్రెషర్ ఎక్కువ కాబట్టి, వేడిని బయటికి వదిలే పాత కండెన్సర్ తీసేసి, గ్యాస్ పక్కపక్కనే చాలా సన్న దారుల్లో పారే ప్యారలల్ ఫ్లో రకం పెట్టాడు. ముప్పావుగంట వాక్యూమ్ పట్టి, అంటే లోపలి గాలి, తేమ లాగేసి, లీకేజీ లేదని చూసుకున్నాకే గ్యాస్ ఎక్కించాడు. అదీ ఆర్12 కొలతలో 85 శాతమే, కాటా మీద తూచి. చల్లదనం చాలలేదని ఇంకా కొట్టించుకుంటే ప్రెషర్ పెరిగి ఉన్న కూలింగ్ కూడా పోతుంది.

విజయవాడ హైవే మీద థర్మామీటర్ పెట్టి చూశాను: వెంట్ దగ్గర 9 డిగ్రీలు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే 15 దాకా పోతుంది. ఐడిల్‌లో ఆర్12 అంత చల్లదనం రాదు, ఇది ఒప్పుకోవాలి. కండెన్సర్ ఫ్యాన్ మార్చాక కొంత నయం. 796 సీసీ ఇంజిన్ కదా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ఏసీ ఆపేస్తాను.

2022లో ఒకసారి గ్యాస్ తగ్గింది. ఖర్చుకు వెనకాడి ఉంచేసిన పాత రబ్బరు గొట్టం నుంచే పోయింది. ఆర్134ఏ అణువులు చిన్నవి, పాత రబ్బరు వాటిని ఆపలేదు. లోపల గ్యాస్‌ను ఆపే పొర ఉన్న బ్యారియర్ గొట్టం వేయించాక మళ్లీ గ్యాస్ పట్టించే పని పడలేదు. మీరు మార్పించుకుంటే గొట్టాలు కూడా అప్పుడే మార్చేయండి.

చౌకగా వస్తుందని వంటగ్యాస్ లాంటిది కలిపి నింపేవాళ్లు ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. లీకైతే నిప్పంటుకునే గ్యాస్ అది, కారులో ఉండేది మన ఇంటివాళ్లు.

పని పూర్తయ్యాక గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్ అన్నది రాసి బానెట్ లోపల స్టిక్కర్ అంటించమని అడగండి. 2022లో వేరే షాపుకి వెళ్లినప్పుడు అక్కడి కుర్రాడు ఆ స్టిక్కర్ చూసే సరైన ఆయిల్ తీశాడు.