రెట్రోఆర్చ్‌లో రన్-అహెడ్: చాలాకాలం వాడాక

పాత కన్సోల్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ రెట్రోఆర్చ్. దాని షేడర్లు (తెర రూపు మార్చేవి), బెజెల్స్ (తెర చుట్టూ చట్రాలు), బాక్స్ ఆర్ట్ (ఆటల అట్ట బొమ్మలు) గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. రెట్రోఆర్చ్‌ని నా కంప్యూటర్‌లో ఇంకా ఉంచింది మాత్రం లేటెన్సీ (ఆలస్యం) మెనూలో ఉన్న రన్-అహెడ్ ఒక్కటే. 2018లో వచ్చింది. దూకే బటన్ నొక్కగానే బొమ్మ లేస్తుంది. అలవాటయ్యాక ఇది లేని ఎమ్యులేటర్‌లో ఆడితే చేతికి బురద అంటినట్టుంటుంది.

పాత ఆటలు బటన్ చదివిన వెంటనే స్పందించవు. చాలావాటికి లోపలే ఒకటి రెండు ఫ్రేముల (తెరమీద మారే ఒక్కో చిత్రం ఒక ఫ్రేము) ఆలస్యం ఉంటుంది, అసలు కన్సోల్‌లోనూ అంతే. రన్-అహెడ్ ఆ ఫ్రేముల్ని తెరవెనక ముందే నడిపి, ఫలితం చూపించి, సేవ్ స్టేట్‌తో (ఆ క్షణానికి ఆట స్థితిని దాచిన ప్రతితో) మళ్లీ వెనక్కొస్తుంది. రెండు ఫ్రేములంటే దాదాపు 33 మిల్లీసెకన్లు.

ఎన్ని ఫ్రేములు ముందుకు నడపాలన్న అంకె ఊహించి పెట్టకూడదు. ముందు రన్-అహెడ్ ఆపి, ఆటలోకి వెళ్లి పీ కీతో పాజ్ చెయ్యాలి. దూకే బటన్ పట్టుకునే ఉండి కే కీతో ఒక్కో ఫ్రేమ్ జరపాలి. మూడో నొక్కుకి బొమ్మ కదిలితే ఆలస్యం రెండు, పెట్టాల్సిందీ రెండే. మూడు పెడితే దూకడంలో మొదటి భంగిమ మాయమై, బొమ్మ ఒక్కసారిగా గాల్లో తేలుతుంది.

నన్ను బాగా విసిగించింది శబ్దం. కొన్ని కోర్లలో (రెట్రోఆర్చ్ లోపల ఒక్కో కన్సోల్‌ని అనుకరించే భాగాల్లో) రన్-అహెడ్ ఆన్ చేయగానే సంగీతం కరకరలాడుతుంది. ఎవరైనా ముందు అనుమానించేది ఆడియో బఫర్‌నే. 64 మిల్లీసెకన్లని 128 చేస్తే కరకర అలాగే ఉంటుంది, పైగా శబ్దం ఇంకా ఆలస్యంగా వస్తుంది. అసలు కారణం సేవ్ స్టేట్. ప్రతి ఫ్రేముకీ స్టేట్ దాచి తిరిగి ఎక్కించేటప్పుడు, సౌండ్ చిప్ స్థితి పూర్తిగా దాచని కోర్‌లో ధ్వని తెగిపోతుంది. 'సెకండ్ ఇన్‌స్టెన్స్' ఆన్ చేస్తే కోర్ రెండో ప్రతి ముందుకు పరిగెడుతుంది, శబ్దం మొదటి ప్రతి నుంచే వస్తుంది, కరకర పోతుంది. మెమొరీ కొంచెం ఎక్కువ తింటుంది, అంతే.

ఇంకో తలనొప్పి: ఒక ఆటకి పెట్టిన అంకెని క్విక్ మెనూలో గేమ్ ఓవర్‌రైడ్‌గా (ఆ ఒక్క ఆటకే వర్తించేలా) దాచకుండా బయటికొస్తే అది ప్రధాన కాన్ఫిగ్‌లోకి వెళ్లిపోతుంది. తర్వాత తెరిచిన ప్లేస్టేషన్ ఆటకీ అదే అంకె పడి అది నత్తనడక నడుస్తుంటే తప్పు కోర్‌ది అనిపిస్తుంది.

ఏ ఆటకైనా పనికొస్తుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడంత ధీమాగా చెప్పను. రెండో ప్రతి లేకుండా అంకె 2 పెడితే, తెరమీద కనిపించే ఒక్కో ఫ్రేముకి మూడు ఫ్రేములు లెక్కించాలి. స్నెస్9ఎక్స్, ఎఫ్‌సీఈయూఎంఎం లాంటి తేలిక కోర్లకి అది లెక్కలోది కాదు. బరువైన బీస్నెస్ కోర్‌తో పాత ప్రాసెసర్ చెమటోడుస్తుంది. 3డి కన్సోళ్ల జోలికి పోకపోవడమే మేలు. టీవీలో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఆపేసి ఉంటే ఇక్కడ మిగిల్చినదంతా అక్కడ పోతుంది.

నేను ఆడేవి ఎక్కువగా 8, 16 బిట్ ప్లాట్‌ఫార్మర్లు (దూకుతూ సాగే ఆటలు), అవీ వైరున్న ప్యాడ్‌తో. అందుకే నాకింత గిట్టుబాటు. వంతులవారీ ఆర్పీజీలకి (పాత్రలతో కథ నడిపే ఆటలకి) మాత్రం ఆపేస్తాను. అక్కడ రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా తేడా తెలీదు, ప్రాసెసర్ ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.