ఒక్క సలహాదారా, నిపుణుల బృందమా?

ప్రభుత్వానికి సైన్స్ సలహా ఇవ్వడానికి ఒక దారి, ముఖ్య శాస్త్ర సలహాదారు. బ్రిటన్‌లో ఈ పదవి 1964లో మొదలైంది. సాలీ జుకర్‌మన్ తొలి సలహాదారు. అవసరమైతే ప్రధానితో నేరుగా మాట్లాడగలగడమే దీని బలం. కానీ ఒక్కరికే అన్ని రంగాలూ తెలియవు కదా!

రెండోది నిపుణుల బృందం. వాతావరణ మార్పుపై 1988లో ఏర్పడిన ఐపీసీసీ అనే ఐక్యరాజ్యసమితి సంఘాన్నే చూడండి. వందల మంది శాస్త్రవేత్తలు అచ్చయిన పరిశోధనలను జల్లెడ పట్టి, ఏ మాట ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెబుతారు. పైగా, విధానకర్తల కోసం రాసే సారాంశాన్ని సభ్యదేశాల ప్రభుత్వ ప్రతినిధులే కూర్చుని వాక్యం వాక్యం ఆమోదిస్తారు. తర్వాత కాదనడం వాళ్లకే కష్టం. చిక్కల్లా నిదానమే: ఒక్కో విడత నివేదికలకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది.

నన్నడిగితే దీర్ఘకాలిక విధానాలకు రెండోదే మేలు. అంటువ్యాధి ముంచుకొస్తే మాత్రం అంత టైమ్ ఎవరికుంది?