గోడ మీద రాతా, పక్కన మనిషా?

హనుమకొండలో ఆర్ట్ ఎగ్జిబిషన్ పెడితే బొమ్మల గురించి జనానికి ఎలా చెప్పాలి? ఒక దారి, ఇన్విటేషన్‌లోనూ గోడ మీదా రాసే కాన్సెప్ట్ నోట్, అంటే బొమ్మల వెనక ఆలోచన చెప్పే చిన్న రాత. వాట్సాప్‌లో పంపొచ్చు, ఎవరూ లేకపోయినా అక్కడే ఉంటుంది. కానీ "అస్తిత్వపు శూన్యంలో రేఖల సంభాషణ" లాంటి వాక్యం చదివితే బొమ్మ చూడకముందే టెన్షన్.

రెండోది, పక్కన నిలబడి చెప్పే మనిషి. ఇది మనకు కొత్తేం కాదు. చేర్యాల నకాషీ పటాన్ని, అంటే గుడ్డ మీద వరసగా బొమ్మలు వేసిన పొడవాటి చుట్టను, కథకులు ఊళ్లలో కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కులపురాణం పాడేవాళ్లు. బొమ్మ, వివరణ అక్కడ వేరు కాదు. సమకాలీన చిత్రంలో అలా తెలిసిన కథ ఉండదు. చెప్పేవాళ్లు అతిగా చెబితే చూసేవాళ్లకు ఏమీ మిగలదు.

అయినా నా ఓటు మనిషికే. గోడకు బొమ్మ పేరు, ఏడాది, దేంతో వేశారో రాస్తే చాలు. అదీ తెలుగులో, పెద్దవాళ్ల కంటికి ఆనేంత అక్షరాల్లో.