చీనీ తోటలో 5 హెచ్‌పీ సోలార్ పంపు: వారంటీ గడువు దాటాక సమీక్ష

అనంతపురం ఎర్రనేలలో, డ్రిప్పు మీద సాగే చీనీ (బత్తాయి) తోటకు 5 హెచ్‌పీ సోలార్ పంపు పెట్టాం. ఐదేళ్ళ వారంటీ గడువు కూడా దాటిపోయింది. కొత్తలో చెప్పే మాటకూ, ఇన్ని వేసవులూ పిడుగులూ చూశాక చెప్పే మాటకూ చాలా తేడా ఉంటుంది. పంపు మంచిదే, నమ్మదగ్గదే. అయితే కరెంటు మోటారు నడిపినట్టే దీన్నీ నడిపితే చివరి వరసల చెట్లకు నీళ్ళందవు. వాల్వులు తిప్పే పద్ధతిని ఎండకు తగ్గట్టు మార్చుకున్నవాళ్ళకే ఇది పూర్తిగా అక్కరకొస్తుంది.

సరంజామా ఇది: 330 వాట్ల ప్యానెళ్ళు 15, అన్నీ ఒకే స్ట్రింగు (ఒకదాని వెనక ఒకటి కలిపిన వరస), డీసీని త్రీఫేజ్ ఏసీగా మార్చే కంట్రోలరు, బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు. నీటిమట్టం, పైపుల్లో పోయే ఒత్తిడి, ఫిల్టరు, డ్రిప్పర్ల దగ్గర కావలసిన ఒక కేజీ ప్రెషరు అన్నీ కలిపితే మొత్తం హెడ్, అంటే పంపు ఎత్తాల్సిన ఎత్తు, 70 మీటర్ల చుట్టూ ఉంటుంది.

కరపత్రాల్లో రోజుకు ఇన్ని వేల లీటర్లని రాస్తారు. ఆ లెక్క ప్యానెల్ మీద చదరపు మీటరుకు 7.15 యూనిట్ల ఎండ పడే రోజుకు కట్టింది. ఉదయం తూర్పుకు, మధ్యాహ్నం పైకి, సాయంత్రం పడమరకు ప్యానెళ్ళను తిప్పితేనే అంత ఎండ దొరుకుతుంది. కదపకుండా వదిలేస్తే అన్ని నీళ్ళు రావు. రోజూ మూడుసార్లు తిప్పే ఓపిక ఏడాది పొడవునా ఎవరికీ ఉండదు. అయినా మార్చి నుంచి మే దాకా, చెట్టుకు నీళ్ళు బాగా కావలసిన రోజుల్లో తిప్పండి, తేడా కంటికి కనిపిస్తుంది. తిరిగే చోట బోల్టులకు గ్రీజు పెట్టకపోతే రెండు వానాకాలాలకే తుప్పుతో బిగుసుకుపోతాయి.

అసలు విషయం వాల్వుల దగ్గరుంది. మిట్టమధ్యాహ్నం గంటకు 9,000 లీటర్ల దాకా వస్తాయి, ఉదయం ఎనిమిదిన్నరకు మూడు వేలు వస్తే గొప్ప. చెట్టుకు 4 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు అంటే గంటకు 16 లీటర్లు. 20 అడుగుల ఎడంలో ఎకరాకు సుమారు 110 చెట్లు. మధ్యాహ్నం 560 చెట్లకు, అంటే ఐదు ఎకరాలకు ఒకేసారి పారుతుంది. ఉదయం అదే ఐదు ఎకరాలకు వదిలితే ప్రెషరు పడిపోయి దగ్గరి చెట్లకే నీళ్ళు దిగుతాయి. అందుకే తోటను 180 చెట్ల చొప్పున మూడు బ్లాకులు చేసి, ఉదయం ఒక వాల్వు, పది దాటాక రెండు, పదకొండు నుంచి రెండు దాకా మూడూ తెరవాలి. మళ్ళీ అదే వరసలో మూసుకురావాలి. ఉదయం ఏ బ్లాకుతో మొదలుపెట్టారో రోజూ మార్చాలి, లేకపోతే ఒకే బ్లాకుకు ఎక్కువ పోతుంది. ప్రెషరు మారినా ఒకేలా నీళ్ళిచ్చే ప్రెషరు కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు వేసుకుంటే ఈ తిప్పలు సగం తగ్గుతాయి.

మబ్బు పట్టినప్పుడు మోటారు తిరుగుతున్న చప్పుడు ఉంటుంది, పైపులో చుక్క రాదు. పంపు పాడైందని ఫోన్లు చేసేది ఇలాంటప్పుడే. ఎండ తగ్గితే కంట్రోలరు ఫ్రీక్వెన్సీ తగ్గిస్తుంది, దాంతో మోటారు వేగం తగ్గుతుంది. పంపు ఎత్తగలిగే ఎత్తు వేగం వర్గానికి (వేగాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదానికి) తగ్గట్టు పడిపోతుంది: 50 హెర్ట్జ్ దగ్గర 100 మీటర్లు ఎత్తేది 40 దగ్గర 64 మీటర్లే ఎత్తుతుంది. మీ హెడ్ 70 అయితే ఆ వేగంలో నీళ్ళు పైకి రానే రావు. కాబట్టి హెడ్‌కు సరిగ్గా సరిపోయే పంపు కాకుండా రెండు మూడు స్టేజీలు (నీటిని తోసే చక్రాల వరసలు) ఎక్కువున్నది అడగండి. మధ్యాహ్నం కాసిని లీటర్లు తగ్గినా, ఉదయం సాయంత్రం పారే గంటలు పెరుగుతాయి. కొనేటప్పుడు ఈ ఒక్క మాట అడగండి, మిగతావి తర్వాతైనా సరిదిద్దుకోవచ్చు.

ప్యానెళ్ళు తమంతట తాము పాడవడం అరుదు, దుమ్మే వాటి శత్రువు. వేరుశనగ కాయ కొట్టే రోజుల్లో పొట్టు దుమ్ము అద్దం మీద పొరలా పేరుకుంటుంది. వేసవిలో వారానికోసారి, తెల్లవారుజామున కడగాలి. కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లటి మచ్చలు కడతాయి, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. పిట్ట రెట్ట చిన్నదే అనిపిస్తుంది. ఒకే స్ట్రింగు కావడంతో ఆ మచ్చ పడిన సెల్లు వేడెక్కి గోధుమ రంగుకు మారిపోతుంది. పక్కనే పెరిగిన వేపకొమ్మ నీడ రెండు ప్యానెళ్ళ మీద పడినా మొత్తం నీళ్ళ మీద దెబ్బ కనిపిస్తుంది.

ఎండలో ఈ స్ట్రింగులో 550 వోల్టుల డీసీ ఉంటుంది, మోటారు ఆపితే 650 దాటుతుంది. పంపు నడుస్తుండగా ప్యానెల్ కనెక్టరు లాగితే మంట లేస్తుంది, అదీ ఏసీ మంటలా తొందరగా ఆరదు. ముందు ఐసోలేటరు (ప్యానెళ్ళ కరెంటును తెంచే స్విచ్చి) ఆపాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇంట్లో పిల్లలకూ, కూలికొచ్చేవాళ్ళకూ ఇది తప్పకుండా చెప్పండి. వదులుగా బిగించిన కనెక్టరు, రెండు కంపెనీలవి కలిపి బిగించిన కనెక్టరు కరిగిపోతాయి. ఎలుకలు కొరకకుండా కేబుళ్ళన్నీ పైపులో నుంచే తీసుకెళ్ళాలి.

వారంటీ తర్వాత జేబుకు బరువయ్యేది కంట్రోలరు. కేబుల్ దూరే కంతల్లోంచి చీమలు, బల్లులు లోపలికి పోయి బోర్డు మీద షార్టు చేస్తాయి. ఆ కంతల దగ్గరి బిగింపులు (గ్లాండులు) గట్టిగా బిగించి, ఖాళీలు సిలికాన్‌తో మూయాలి. పెట్టెను ప్యానెళ్ళ నీడలో, గాలి తగిలేచోట బిగించాలి. మోటారు కేబుల్ వంద మీటర్లకు చేరుతుంటే కంట్రోలరు తర్వాత అవుట్‌పుట్ ఫిల్టరు పెట్టించండి, లేకపోతే వైండింగు ఇన్సులేషన్ త్వరగా దెబ్బతింటుంది. బోరులో నీళ్ళు తగ్గి డ్రైరన్‌తో పదేపదే ఆగుతోందని నీళ్ళు లేకుండా మోటారు తిరగకుండా ఆపే ఆ రక్షణనే తీసేయించే మెకానిక్కులున్నారు, ఒప్పుకోకండి. మళ్ళీ మొదలయ్యే వ్యవధి అరగంటకు పెంచితే బోరు ఊరుతుంది, మోటారూ దక్కుతుంది.

పిడుగుల కాలానికి ముందు ఎర్తింగు చూసుకోవాలి. పిడుగు నిరోధకానికి వేరే ఎర్తు గుంత ఉండాలి. ఎండాకాలంలో గుంతల్లో నీళ్ళు పోస్తూ ఉండాలి. సర్జ్ ప్రొటెక్టరు (పిడుగు వల్ల ఉరికే వోల్టేజీని ఆపే పరికరం) మీద పచ్చ గుర్తు ఎర్రగా మారితే దాని పని అయిపోయినట్టే. పంపు బాగానే నడుస్తోంది కదా అని వదిలేస్తే తర్వాతి పిడుగుకు కంట్రోలరే పోతుంది.

ఎవరు పెట్టుకోవాలి? ఆంధ్రలో పగలు 9 గంటల ఉచిత కరెంటు, తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. కనెక్షన్ ఇప్పటికే ఉన్నవాళ్ళకు డబ్బు లెక్కలో దీనివల్ల ఒరిగేది తక్కువ. లైను దూరమై స్తంభాలు చాలా వేయాల్సినవాళ్ళకు, వోల్టేజీ తక్కువై ఏటా మోటారు కాలిపోయేవాళ్ళకు ఇది నిజమైన మేలు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ (సోలార్ పంపులకు కేంద్రం రాయితీ పథకం) మార్గదర్శకాల్లో పంపు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, రైతు వాటా 40 శాతం, అందులో 30 దాకా బ్యాంకు అప్పు. వేసవిలో తప్ప పెద్దగా నీళ్ళు పెట్టనివాళ్ళు యూనివర్సల్ కంట్రోలరు అడిగితే మిగతా రోజుల్లో గడ్డి కోసే యంత్రం, పిండిమర నడుపుకోవచ్చు.

ఒక్క భయం మాత్రం మనసులో ఉంది. ఖర్చు లేని నీళ్ళు కదా అని రోజంతా తోడితే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఈ నేలలో బోర్లు నిలవవు. చెట్టుకు సరిపోయాక ఆపేయాలి, బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వాలి.

బిగించినవాళ్ళు సంతకం అడిగినప్పుడు తొందరపడకండి. ఆకాశం తేటగా ఉన్నరోజు పన్నెండు గంటలకు, బోరు మూతి దగ్గర గేజీ పెట్టి, డ్రిప్పుకు కావలసిన ప్రెషరు చూపేదాకా గేటువాల్వు మూసి, 200 లీటర్ల డ్రమ్ము నింపించండి. 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. రెండు నిమిషాలు పడితే 6,000 మాత్రమే, అప్పుడు పంపు మార్చమనండి.