యుద్ధం ఎపిసోడ్ల కోసం కొనకండి, ఫైళ్ల ఎపిసోడ్ల కోసం కొనండి

5 కి 3.5 ఇస్తున్నా. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద రాస్తా, కొంచెం పొడుగు రివ్యూనే, ఓపిక ఉంటేనే చదవండి.

ఇది తెలుగులో వచ్చిన ఆడియో సిరీస్. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలు సొంత సైన్యాన్ని ఎలా నిలబెట్టుకున్నాయి అన్నది సబ్జెక్ట్. ముప్పావు వంతు మన దేశం గురించే, మిగతాది పాకిస్తాన్, బర్మా, కాంగో, కాస్త ఘనా. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ల కస్టమర్ కేర్‌తో నాకు ఆటో రెన్యువల్ డబ్బుల పంచాయితీ ఒకటి నడుస్తోంది, అది తేలేదాకా ఫ్రీ పబ్లిసిటీ వద్దు ఫ్రీ తిట్లూ వద్దు. తెలుగులో ఇలాంటి సబ్జెక్ట్ మీద వినేవాళ్లకి ఏ సిరీసో ఎలాగూ తెలిసిపోతుంది.

ముందు ట్రైలర్ గురించి చెప్పాలి. ట్రైలర్ చూస్తే మొత్తం తుపాకులే, బాంబులే, వెనకాల డప్పులు. అది చూసి కొంటే మీకు నచ్చదు, చూసి కొనకపోతే మంచిది మిస్ అవుతారు, ఎటు చూసినా ట్రైలర్ దండగ. ఎందుకంటే ఇందులో వీక్‌గా ఉన్నవి యుద్ధం ఎపిసోడ్లే. శ్రీనగర్ ఎపిసోడ్‌లో హెలికాప్టర్ రెక్కల సౌండ్ వేశారండీ! కశ్మీర్ యుద్ధం మొదట్లో, 1947 అక్టోబర్ 27 పొద్దున 1 సిఖ్ బెటాలియన్ జవాన్లు అక్కడ దిగింది డకోటా విమానాల్లో. రన్‌వే మన చేతిలో ఉందో లేదో కూడా సరిగ్గా తెలియకుండా బయల్దేరారు, ఆ బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్ ఆ తర్వాత కొద్ది గంటల్లోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అంత కథ చేతిలో పెట్టుకుని హెలికాప్టర్ సౌండ్ ఎందుకు చెప్పండి.

సరే, బాగున్న వాటికి వస్తా, అంటే ఆఫీసుల్లో కాగితాల మీద నడిచిన ఫైళ్ల ఎపిసోడ్లకి. సైన్యం పంపకం మీద రెండు ఎపిసోడ్లు ఉన్నాయి, డబ్బులన్నీ ఆ రెండింటికే ఇచ్చేయొచ్చు. మనం స్కూల్లో చదువుకున్న విభజన అంటే మ్యాప్ మీద గీత, రైళ్లు, కాందిశీకులు. సైన్యాన్ని కూడా అలాగే కొన్ని వారాల్లో రెండు ముక్కలు చేశారని పుస్తకంలో ఒక లైన్ ఉంటుందేమో, అంతే. ఇక్కడ నెరేటర్ దాన్ని తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. బ్రిటిష్ ఇండియా కమాండర్ ఇన్ చీఫ్ ఆకిన్‌లెక్ కింద ఒక కమిటీ, అన్నీ ఇంచుమించు రెండుకి ఒకటి లెక్కన పంచాలి, ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) రెజిమెంట్లు మనకి 15, పాకిస్తాన్‌కి 8. అంకెలుగా వింటే ఈజీగానే ఉంది. కానీ అప్పటి బెటాలియన్ ఎలా ఉండేదంటే, ఒకే బెటాలియన్‌లో ఒక కంపెనీ (అంటే బెటాలియన్ లోపలి చిన్న దళం) సిక్కులు, ఒక కంపెనీ పంజాబీ ముస్లింలు, ఒకటి డోగ్రాలు, ఇలా కలిపి ఉండేవి. అంటే బెటాలియన్‌ని అటు పంపినా ఇటు పంపినా లోపలున్న కంపెనీలు ఊడదీసి మార్చుకోవాల్సిందే, బర్మా లోనో ఇటలీ లోనో పక్కపక్క ట్రెంచ్‌లో పడుకున్న వాళ్లే విడిపోవాలి.

దాని పైన ఎవరు ఎటు వెళ్లొచ్చు అనే రూల్. ఇది నాకు అస్సలు తెలియదు, విని రివైండ్ చేసి మళ్లీ విన్నా. పాకిస్తాన్‌కి వెళ్లే ప్రాంతంలో పుట్టిన ముస్లిం సైనికుడికి ఇండియా ఎంచుకునే చాయిస్ లేదు, ఇటు ప్రాంతంలో పుట్టిన ముస్లిమేతరుడికి పాకిస్తాన్ ఎంచుకునే చాయిస్ లేదు. మిగతావాళ్లకే చాయిస్. అంటే ఇటువైపు పుట్టిన ముస్లింలకీ, అటువైపు పుట్టిన హిందువులకీ సిక్కులకీ. బ్రిగేడియర్ ఉస్మాన్ ఆజంగఢ్ జిల్లా వాడు కాబట్టి ఆయనకి చాయిస్ వచ్చింది, బలూచ్ రెజిమెంట్ ఆఫీసర్ అయ్యుండి ఇండియాలో ఉండిపోయాడు, ఆ రెజిమెంట్ పాకిస్తాన్‌కి పోతే ఈయన డోగ్రా రెజిమెంట్‌కి మారాడు, 1948 జూలై 3న కశ్మీర్ యుద్ధంలోనే చనిపోయాడు. మామూలుగా ఉస్మాన్ గురించి చెప్పేవాళ్లు నేరుగా వీరమరణం సీన్‌కి వెళ్లిపోతారు, ఇక్కడ ముందు ఆ ఆప్షన్ రూల్ చెప్పి తర్వాత ఆయన్ని తీసుకొచ్చాడు, అందుకే ఆ నిర్ణయం ఎంత బరువైందో అర్థమైంది. స్క్రిప్ట్ రాసిన వాళ్లెవరో గానీ ఈ ఒక్క చోటికి దండం పెట్టొచ్చు.

సామాను పంపకం కూడా బాగా చెప్పాడు. తుపాకులు, మందుగుండు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు అన్నీ ఇండియా భూభాగంలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా అటు లేదు. ఫ్యాక్టరీని సగం కోసి రైలెక్కించలేం కదా, దానికి బదులు పాకిస్తాన్‌కి 6 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ఒప్పందం. అందరికీ తెలిసిన 55 కోట్ల గొడవ వేరే, అది నగదు నిల్వల వాటా, కశ్మీర్ యుద్ధం వల్ల ఆపారు, 1948 జనవరిలో గాంధీ నిరాహార దీక్ష మొదలుపెట్టాక విడుదల చేశారు. రెండింటినీ కలిపేసి వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి ఈ ఎపిసోడ్ లింక్ పంపిస్తున్నా నేను. వైస్రాయ్ గుర్రబ్బండి ఎవరికి దక్కాలో నాణెం ఎగరేసి తేల్చారన్న ముచ్చట కూడా ఉంది, అది మరీ ఎక్కువసేపు సాగదీశాడు గానీ పిల్లలకి నచ్చుతుంది.

ఇక సిరీస్ మొత్తానికి ప్రాణం లాంటి ఎపిసోడ్ ఆర్డర్ ఇచ్చేది ఎవరు అన్నది. తుపాకులు కొంటే సైన్యం అయిపోదు, ఆ తుపాకి ఎవరి మాట వింటుందో తేలాలి. మనకి 1947 ఆగస్టు 15 తర్వాత కూడా సైన్యాధిపతి బ్రిటిష్ వాడే, ముందు లాక్‌హార్ట్, తర్వాత బుచర్. పాకిస్తాన్‌కి మెసర్వీ, తర్వాత గ్రేసీ. ఈ రెండు సైన్యాలే కశ్మీర్‌లో కొట్టుకున్నాయి! జిన్నా సైన్యాన్ని కశ్మీర్‌లోకి పంపమంటే అప్పుడు తాత్కాలికంగా బాధ్యత చూస్తున్న గ్రేసీ పంపనన్నాడు, అక్టోబర్ 28న ఆకిన్‌లెక్ లాహోర్ వెళ్లి, అలా చేస్తే బ్రిటిష్ ఆఫీసర్లందరూ తప్పుకుంటారని జిన్నాకి చెప్పి ఆపాడు. అంటే కొత్త దేశపు అధినేత ఇచ్చిన ఆర్డర్‌ని తన సైన్యాధిపతే పక్కన పెట్టగలిగాడు. అది ఆ రోజుకి మనకి కలిసొచ్చింది, నిజమే, కానీ అదే పని మన దగ్గర జరిగితే ఎలా ఉండేదో ఆలోచించండి.

1949 జనవరి 15న మన మొదటి సొంత సైన్యాధిపతిగా కరియప్ప వచ్చాడు, అందుకే ఆర్మీ డే ఆ రోజు. ఇక్కడ పెద్ద తప్పు దొర్లింది, కరియప్పని మొదటి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ అన్నాడు నెరేటర్, అదీ రెండుసార్లు. కాదు. ఆయన కమాండర్ ఇన్ చీఫ్. ఆ పదవి 1955 ఏప్రిల్ 1న ఎత్తేశారు, మూడు దళాలకీ ముగ్గురు చీఫ్‌లు, ఎవరూ ఎవరికీ పైవాళ్లు కాదు, పైన రాష్ట్రపతి. ఆర్మీలో ఆ కొత్త హోదాతో మొదటివాడు రాజేంద్రసింహ్‌జీ. ఇదేదో క్విజ్ పాయింట్ అనుకోకండి, 1947 ఆగస్టు దాకా మూడు దళాల మీదా పెత్తనం ఒక్క మనిషి చేతిలో ఉండేది, దాన్ని విడగొట్టి పౌర ప్రభుత్వం కింద పెట్టడమే ఆ ఎపిసోడ్ చెప్పాల్సిన విషయం, అక్కడే తప్పు చెప్తే ఎలా? కమాండర్ ఇన్ చీఫ్ ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్‌లోకి, అదే ఇప్పటి తీన్‌మూర్తి భవన్, నెహ్రూ కాపురం మారిన సంగతి మాత్రం చక్కగా చెప్పాడు. ఒక్క ఇల్లు మారడంతో ఊళ్లో అందరికీ పెద్ద ఎవరో తెలిసిపోయింది.

తర్వాత నాకు బాగా నచ్చింది డెహ్రాడూన్ ఎపిసోడ్. అక్కడ ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో మొదలైంది, మొదటి బ్యాచ్‌లో 40 మంది. అందులో ముగ్గురు తర్వాత మూడు దేశాల సైన్యాలకి అధిపతులయ్యారు, మనకి మానెక్షా, పాకిస్తాన్‌కి మూసా, బర్మాకి స్మిత్ డన్. ఒకే క్లాసు, ఒకే డ్రిల్, అదే మెస్సులో అవే పద్ధతులు. మరి మూడు సైన్యాలూ ఒకేలా తయారవ్వాలి కదా? బర్మాలో స్మిత్ డన్ కరెన్ తెగవాడు, 1949లో కరెన్ తిరుగుబాటు రాగానే ఆయన్ని పక్కన పెట్టి సైన్యాన్ని నే విన్ అనే ఇంకో ఆఫీసర్‌కి ఇచ్చారు, ఆ నే విన్ 1962లో దేశాన్నే తీసేసుకున్నాడు. పాకిస్తాన్‌లో 1951లో మొదటి సొంత సైన్యాధిపతిగా వచ్చిన అయూబ్ ఖాన్ 1958 అక్టోబర్‌లో గద్దెనెక్కి, సైన్యాన్ని మూసా చేతిలో పెట్టాడు. మానెక్షా 1969లో చీఫ్ అయ్యి, టర్మ్ ముగిశాక ఇంటికి వెళ్లి కూనూర్‌లో స్థిరపడ్డాడు. తేడా ట్రైనింగ్‌లో లేదు, బయటున్న రాజకీయంలో ఉంది అని నెరేటర్ అంటాడు. నేను సగమే ఒప్పుకుంటా, ఎందుకంటే పంపకంలో ఎవరికి ఏం వచ్చిందన్నది కూడా ఉంది, పాకిస్తాన్‌కి సైన్యం వచ్చినంత గట్టిగా మిగతా ఆఫీసులు రాలేదు, మనకి పార్టీ, సెక్రటేరియట్, కోర్టులు అన్నీ నడుస్తున్నవే దక్కాయి. ఈ మాట తన పంపకం ఎపిసోడ్లో సగం సగం చెప్పి ఇక్కడికొచ్చేసరికి మర్చిపోయాడు.

కాంగో ఎపిసోడ్ చిన్నదే, కానీ వదలొద్దు. 1960 జూన్ 30న స్వతంత్రం. సైన్యంలో ఒక్క కాంగో ఆఫీసర్ లేడు, అందరూ బెల్జియం వాళ్లే. జూలై 5న ఆ సైన్యాన్ని నడిపే బెల్జియం జనరల్ జాన్సెన్స్ సైనికుల్ని పోగేసి బ్లాక్‌బోర్డు మీద, స్వతంత్రానికి ముందు = స్వతంత్రం తర్వాత, అని సుద్దముక్కతో రాశాడు. మీకేం మారదు, నోరు మూసుకుని ఉండండి అని దానర్థం. సాయంత్రానికల్లా తిరుగుబాటు. చివరికి ఒకప్పుడు సార్జంట్‌గా చేసి జర్నలిస్ట్ అయిన మొబుటు చేతికి సైన్యం, దాంతోపాటు 1965లో దేశం. ఇక్కడ సౌండ్ ఎఫెక్ట్ ఏమీ లేదు, ఒక్క సుద్దముక్క గీసే చప్పుడు తప్ప. ఇలా చేయడం తెలిసినవాళ్లే ఆ హెలికాప్టర్ కూడా పెట్టారా అని డౌట్ వచ్చింది నాకు.

ఘనా గురించి ఏదో చెప్పాలి కాబట్టి చెప్పినట్టుంది, స్కిప్ చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు కోపం. తెలుగు సిరీస్ అయ్యుండి ఆపరేషన్ పోలోకి, అంటే నిజాం హైదరాబాద్‌ని ఇండియాలో కలిపిన సైనిక చర్యకి, ఇచ్చింది పేరుకే కాసేపు. 1948 సెప్టెంబర్ 13న మొదలై అయిదు రోజుల్లో అయిపోయింది కాబట్టి ఎపిసోడ్ కూడా అంతే చిన్నగా ఉండాలనుకున్నారేమో. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు, అయిపోయింది, మ్యూజిక్. అరే, సంస్థానాల సొంత సైన్యాలు ఏమయ్యాయి? హైదరాబాద్ ఒక్కటే కాదు, మైసూరు, జైపూర్, గ్వాలియర్, ఎవరి పటాలం వాళ్లకి ఉండేది, వాటిని ఒక్క సైన్యంలోకి కలపడం దానంతట అదే ఒక పెద్ద కథ. అలాగే ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లని స్వతంత్రం వచ్చాక కూడా తిరిగి సైన్యంలోకి తీసుకోలేదన్న విషయం ఎక్కడా లేదు. ఎందుకు తీసుకోలేదు అనేది చేదు ప్రశ్న, కానీ పాత సైన్యాన్నే ఉంచుకోవాలా, పోరాడిన వాళ్లతో కొత్తది కట్టాలా అని ప్రతి కొత్త దేశానికీ వచ్చే ప్రశ్నే అది. ఇండోనేషియా రెండో దారిలో వెళ్లి జపాన్ వాళ్ల కింద ట్రైనింగ్ అయినవాళ్లతో సైన్యం కట్టుకుంది, కనీసం దాన్ని పక్కన పెట్టి పోల్చి ఉండొచ్చు.

యుద్ధవీర జాతులు అని కొందరినే చేర్చుకునే బ్రిటిష్ పద్ధతి మీద కూడా రెండు మాటలే. దాన్ని దాటడానికే 1949లో కరియప్ప అన్ని ప్రాంతాల, కులాల వాళ్లతో బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ పెట్టించాడు, మరోపక్క పాత రెజిమెంట్లు చాలావరకు పాత కూర్పుతోనే కొనసాగాయి. ఇంత మంచి పేచీ ఉన్న సబ్జెక్ట్‌ని వదిలేసి పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ బిల్డింగ్ వర్ణన చాలాసేపు పెట్టాడు. అందులో పనికొచ్చింది ఒకటుంది, అక్కడి సుడాన్ బ్లాక్ కట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో పోయిన మన జవాన్ల గుర్తుగా సుడాన్ ఇచ్చిన డబ్బుతో.

యాప్ సంగతి. డౌన్‌లోడ్ పెట్టుకుంటే బాగానే వినపడుతుంది, నెట్‌లో డైరెక్ట్‌గా వింటే మధ్యలో ఎగిరి మొదటికి వెళ్తుంది. స్పీడ్ 1.25 పెట్టుకోండి, నెరేటర్ మరీ నిదానం. గొంతు బాగుంది కానీ ఆకిన్‌లెక్ పేరు మూడు ఎపిసోడ్లలో మూడు రకాలుగా పలికాడు, కొత్తవాళ్లు ముగ్గురు వేరే మనుషులనుకుంటారు. పీడీఎఫ్‌లో మ్యాప్ ఇచ్చారు, ఫోన్‌లో జూమ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, దానికన్నా ఎవరు ఎప్పుడు ఏ పదవిలో ఉన్నారో ఒక పేజీ టేబుల్ ఇస్తే గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు ప్రింట్ తీసి గోడకి అంటించుకునేవాళ్లు. ఏడాది ప్లాన్ తీసుకోకండి, నెల ప్లాన్ చాలు, తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆఫ్ చేసేయండి, ఆ బటన్ ప్రొఫైల్‌లో అట్టడుగున ఎక్కడో ఉంటుంది.

వరసలో వినక్కర్లేదు. పంపకం రెండూ, ఆర్డర్ ఎవరిది, డెహ్రాడూన్, కాంగో, ఈ క్రమంలో వినండి, శ్రీనగర్ వినాలనిపిస్తే సౌండ్ తగ్గించుకుని వినండి. రెండో సీజన్‌లో నేరుగా 1962 చైనా యుద్ధానికి వెళ్తున్నారట. నేవీకి 1958లో కటారి వచ్చేదాకా, ఎయిర్‌ఫోర్స్‌కి 1954లో సుబ్రతో ముఖర్జీ వచ్చేదాకా బ్రిటిష్ చీఫ్‌లే ఎందుకు ఉన్నారో చెప్పకుండా అక్కడికి దూకితే మాత్రం నేను రెన్యూ చెయ్యను.