ఉద్వార్-హేజీ: రంగులు చూడాలంటే వెళ్లండి, విమానం ఎక్కాలంటే వద్దు

ధ్వనికన్నా వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ సీట్ల మధ్య నడవాలని ఆశపడేవాళ్లు అమెరికా వర్జీనియాలోని విమానాల మ్యూజియం ఉద్వార్-హేజీ సెంటర్‌కు వెళ్లి లాభం లేదు. మామూలు రోజుల్లో ఇక్కడ ఏ విమానమూ ఎక్కనివ్వరు. అది తెలిసిన దగ్గర్నుంచీ మా బావగారి మొహం మాడిపోయింది. ఎక్కి చూడాలంటే జర్మనీలోని జిన్స్‌హైమ్ మ్యూజియం నయం. అక్కడ కాంకార్డ్, దాని సోవియట్ పోటీదారు టీయూ-144 రెండూ కప్పు మీదే, రెంటిలోకీ వెళ్లొచ్చు. ముక్కు పైకెత్తి నిలబెట్టారు కాబట్టి లోపల నేలంతా ఏటవాలు. మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి.

ఉద్వార్-హేజీలో ప్రవేశం ఉచితం, పార్కింగ్ మాత్రం 15 డాలర్లు. సాయంత్రం 4 దాటితే అదీ ఉండదు కానీ 5:30కి మూసేస్తారు. ఆ గంటన్నర ఏ మూలకీ చాలదు. డబ్బు కట్టి 10కే వెళ్లండి.

బస విషయంలో మాత్రం మోసపోయాం. ‘మ్యూజియానికి ఉచిత షటిల్’ అని చెప్పిన హోటల్‌వాళ్లు పొద్దున్నే మాట మార్చారు: వ్యాన్ డలస్ ఎయిర్‌పోర్ట్ వరకేనట! అక్కడి నుంచి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 బస్సు పట్టుకోవాలి. రూమ్ బుక్ చేసేముందు షటిల్ ఎక్కడిదాకా వెళ్తుందో రాతపూర్వకంగా అడగండి.

ఇక విమానాలు. జనమంతా డిస్కవరీ అంతరిక్ష నౌక చుట్టూ మూగుతారు, మంచిదే. మీరు పైనున్న నడకదారి ఎక్కి బోయింగ్ 367-80ని చూడండి. పసుపు, గోధుమ రంగుల్లో ఇప్పటికీ కళకళలాడుతోంది. 1954 జులై 15న మొదటిసారి ఎగిరిన ఈ ‘డాష్ 80’ నుంచే బోయింగ్ 707 జెట్ విమానం పుట్టింది. పాత సైనిక రవాణా విమానం స్ట్రాటోఫ్రైటర్‌కు (మోడల్ 367) ఇంకో రూపమేననుకుని పోటీ కంపెనీలు ఏమరుపాటున ఉండాలనే దీనికి ఆ నంబర్ తగిలించారు. మరి అంత గుట్టు కోరుకున్నవాళ్లు ఇంత కొట్టొచ్చే రంగు వేయడమేంటో! బావగారు అలక మరిచిపోయింది ఇక్కడే.

పక్కనే ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్, రిజిస్ట్రేషన్ నంబర్ ఎఫ్-బీవీఎఫ్ఏ. 1976 జనవరి 21న పారిస్ నుంచి డకార్ మీదుగా రియో వెళ్లిన తొలి సర్వీసు ఇదే. దాని తెలుపు సోకు కోసం కాదు. మాక్ 2 (ధ్వనికి రెట్టింపు) వేగంలో ముక్కు కొన దాదాపు 127 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది కాబట్టి వేడిని వెనక్కి కొట్టే రంగే కావాలి. 1996లో పెప్సీ ప్రకటన కోసం ఎఫ్-బీటీఎస్‌డీ అనే ఇంకో కాంకార్డ్‌కి నీలం పూసినప్పుడు, ఇంధనం ఉండే రెక్కల్ని తెల్లగానే ఉంచారు. మాక్ 2లో 20 నిమిషాలు మించొద్దన్నారు కూడా. ఆ విమానం ఇప్పుడు పారిస్ దగ్గర లె బుర్జే మ్యూజియంలో ఉంది, నీలం ఎప్పుడో పోయింది.

పాన్ ఆమ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 307 స్ట్రాటోలైనర్‌కైతే ఒళ్లంతా రంగే లేదు, మెరుగుపెట్టిన అల్యూమినియమే. పూర్తి రూపంలో మిగిలిన స్ట్రాటోలైనర్ ఇదొక్కటే. 2002లో ఇంధనం అయిపోయి సియాటిల్ ఎలియట్ బేలో దిగింది. మళ్లీ బాగుచేసి, 2003లో ఎగురుతూనే ఇక్కడికి తెచ్చారు. దీన్ని ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి. ఆ అద్దంలాంటి రేకు మీద మీ ఫ్లాషే కనబడుతుంది.